తువ్వాలు కింద కారు

కారు నచ్చినా నచ్చినట్టు మొహంలో కనపడకూడదని మా బావగారు నాకు నూజివీడులోనే చెప్పారు. బస్సెక్కాక మళ్ళీ చెప్పారు. దిగబోయే ముందు కండక్టరు వింటుండగా ఇంకోసారి చెప్పారు.

"అమ్మాయ్, నువ్వసలేం మాట్లాడొద్దు. వాడు ఏం చూపించినా చద్దన్నం చూసినట్టు చూడు. మిగతాది నేను చూసుకుంటా."

నాకు చద్దన్నం ఇష్టమని ఆయనకు తెలియదు. సరేనని తలూపాను.

బావగారంటే మా ఆయనకు సొంత అన్నయ్య. మామిడికాయల వ్యాపారం. తోటల్ని పూత మీద కొనేసి, కాయ దిగాక టన్నుల లెక్కన అమ్ముతారు. పూత చూసి ఎంత దిగుబడి వస్తుందో చెప్పేస్తారు. చెప్పినంత రాకపోతే ఆ ఏడాది గాలిదుమారాన్ని తిడతారు. చర్చిలో సంఘపెద్ద కూడా. బేరంగానీ ప్రార్థనగానీ ఆయన మొదలుపెట్టారంటే మనం కూచోవడానికి ఒక చోటు చూసుకోవాలి. మా ఇంట్లో స్థలం కొన్నా, గేదెను కొన్నా, చివరికి నా పెళ్ళికి షామియానా మాట్లాడినా ఆయనే. కాబట్టి కారు బేరానికి ఆయన రావడం గురించి నన్నెవరూ అడగలేదు. ఆయన వచ్చి బస్సులో కిటికీ పక్కన కూచున్నారు, అంతే.

ఇంతకీ కారు నాకు. నేను గవర్నమెంటు టీచర్ని. ఇల్లు నూజివీడు, బడి రెడ్డిగూడెం దాటాక తోటల మధ్య ఒక చిన్న ఊళ్ళో. రెడ్డిగూడెం దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. ఆటో అంటే వెనక సీటులో దర్జాగా కూచోవడం అనుకునేరు. మామిడి సీజన్లో కూలివాళ్ళు, వాళ్ళ బుట్టలు, కాయలు కోసే చిక్కాలు అన్నీ ఎక్కాక ఏ కాస్త చోటు మిగిలితే అది నాది. ఒక్కోసారి ఆ చోటు డ్రైవరు పక్కన, సగం గాల్లో ఉంటుంది. అలా ఎక్కీ దిగీ నా ఎడమ మోకాలు అరిగిపోయింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూపించి, "మేడమ్, ముందు ఈ ఆటోలు మానెయ్యండి" అన్నాడు.

పక్కనే ఉన్న మా ఆయనకు సగం మాటే వినపడింది. "విన్నావుగా, మానెయ్యమన్నాడు" అన్నారు. ఆయన దృష్టిలో మానెయ్యాల్సింది ఉద్యోగం.

దాని మీద ఇంట్లో కొన్నాళ్ళు యుద్ధం జరిగింది. పెన్షనొస్తుంది కదా, వాలంటరీ రిటైర్మెంటు తీసుకో అని ఆయన. నాకింకా సర్వీసుంది, నా క్లాసు పిల్లలకు ఎక్కాలు సగంలో ఉన్నాయి, ఇంట్లో కూచుని ఏం చెయ్యమంటారు అని నేను. ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చాం. వేసవి సెలవులయ్యి బడి తెరిచేలోగా నేను నడపగలిగిన కారు, నా డబ్బులో వచ్చేది, దొరికితే ఉద్యోగం. దొరక్కపోతే రాజీనామా కాగితం. నేను నోరుజారి ఆ మాటకు ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక తెలిసింది ఇబ్బంది. డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సయితే తెచ్చుకున్నాను గానీ, క్లచ్ తొక్కినప్పుడల్లా మోకాల్లో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుండేది. గేర్లు మార్చే పని లేని కారయితేనే నా వల్ల అవుతుంది. అవి కొత్తవి కొనే స్తోమత లేదు. పాతవాటిలో దొరికేవి నా మోకాలులాగే అరిగినవే. పి.ఎఫ్. అప్పు, చీటీ పాడిన డబ్బు, అన్నీ కలిపితే నా దగ్గరున్నది ఆరు లక్షల పాతికవేలు. వెతికి వెతికి, ఇంక రెండు వారాల్లో బడి తెరుస్తారనగా, విజయవాడ శివార్లలో ఒక షోరూములో ఉందని తెలిసింది. షోరూము వాళ్ళు కొనేవాళ్ళను ఎక్కించి చూపించడానికి వాడుకున్న డెమో కారు. తిరిగింది తక్కువే. దాదాపు కొత్తది.

షోరూములో అడుగుపెట్టగానే ఏసీ మొహానికి తగిలింది, ఆ వెనకే కారు కనపడింది. ముదురు నీలం రంగు. చిన్నది, ముద్దుగా ఉంది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా కొన్ని చోట్ల చింపలేదు. నేను చూసిన మొదటి క్షణంలోనే అది నా కారనిపించింది. మా బావగారు నా వంక చురుగ్గా చూశారు. వెంటనే చద్దన్నం మొహం పెట్టాను.

టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి మా ఆయనకు ఎదురొచ్చి, "సార్, కారు మీరేనా నడిపేది?" అన్నాడు. మా ఆయనకు బైకు తప్ప ఏదీ రాదు. ఆయన నా వైపు చూశారు, బావగారూ నా వైపు చూశారు. ఆ అబ్బాయి తాళం నాకిచ్చి, పక్కన కూచుని రింగురోడ్డు మీద ఒక చుట్టు తిప్పించాడు. ఎడమకాలు ఖాళీగా కింద పెట్టుకుని కూచున్నాను. నొప్పి లేదు. ఆ కాలికి అసలు పనే లేదు. ఎన్నేళ్ళ తర్వాతో నా ఎడమకాలు సెలవులో ఉన్నట్టనిపించి, నవ్వొచ్చి, మళ్ళీ ఆపుకున్నాను.

"ఎలా ఉంది మేడమ్?" అన్నాడు ఆ అబ్బాయి.

"ఏదో, పర్లేదు. హారన్ సన్నగా ఉంది" అన్నాను. అంతకన్నా పెద్ద వంక నాకు దొరకలేదు.

మేం తిరిగొచ్చేసరికి బావగారు సిద్ధంగా ఉన్నారు. కారు చుట్టూ తిరిగారు. తలుపు మీద వేళ్ళు మడిచి తట్టి, చెవి పెట్టి విన్నారు. పెట్రోలు పోసే మూత తీయించి, కాయను తొడిమ దగ్గర వాసన చూసినట్టు అక్కడ వాసన చూశారు. టైరును బొటనవేలితో నొక్కి, పండిందా లేదా అన్నట్టు తలాడించారు. తర్వాత లోపలికి తొంగి చూసి అడిగారు.

"గేర్లేవి?"

"ఇది ఆటోమేటిక్ అండి. గేర్లుండవు. క్లచ్ కూడా ఉండదు. రెండే పెడల్స్."

"అంటే, ఉండాల్సినవి రెండు లేవు."

"లేకపోవడమే దీని స్పెషల్ అండి. అందుకే రేటు కాస్త ఎక్కువ."

"లేనివాటికి మేం డబ్బులెందుకిస్తామయ్యా? కాయలో టెంక లేకపోతే తూకం తగ్గుద్దా, పెరుగుద్దా?"

ఆ అబ్బాయి ఒక నవ్వు నవ్వాడు. ఆరు లక్షల డెబ్భైవేలు అని ధర చెప్పాడు. బావగారు అది వినపడనట్టే, "సూటెంత తీస్తారు?" అన్నారు.

మా మార్కెట్లో సూటంటే తరుగు. కుళ్ళినవీ, దెబ్బతిన్నవీ ఉంటాయని టన్ను మీద ఇన్ని కిలోలు కొట్టేస్తారు. ఈ కారు కొంత తిరిగేసింది కాబట్టి ఆ తిరిగినదానికి తరుగు కొట్టమని ఆయన భావం. విజయవాడ అబ్బాయికి అదేం తెలుసు? ఒకసారి తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"సూట్ మేం వేసుకోమండి. కంపెనీ వాళ్ళు టై ఒక్కటే ఇస్తారు" అన్నాడు.

మా ఆయన పక్కకు తిరిగి దగ్గారు. బావగారు మాత్రం ఆ జవాబును కూడా ఒక ఎత్తుగడ అనుకుని, వీడు గట్టివాడే అన్నట్టు కళ్ళు చిట్లించారు. ఇక మాటలతో లాభం లేదని భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పరిచారు.

ఈ తువ్వాలు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మామిడి మార్కెట్లో పెద్ద బేరాలు నోటితో చేసేవారు కాదు. పదిమందిలో రేటు బయటపడితే మిగతా బేరాలన్నీ చెడతాయి. అందుకని అమ్మేవాడి చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద కొనేవాడు వేళ్ళు పట్టుకుంటాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టుకుంటే అయిదు. ఆ ఒకటి వెయ్యా, పదివేలా, లక్షా అన్నది ఇద్దరికీ తెలిసే ఉంటుంది. పైకి ఇద్దరూ ఎండ గురించి మాట్లాడుకుంటుంటారు. ఇప్పుడు అందరూ ఫోన్లోనే రేట్లు మాట్లాడుకుంటున్నారు గానీ, మా బావగారి తరం వాళ్ళకు తువ్వాలు లేనిదే బేరమాడినట్టుండదు.

బావగారు తువ్వాలు కింద చెయ్యి పెట్టి, "ఊఁ, చెయ్యి ఇవ్వవోయ్" అన్నారు.

ఆ అబ్బాయికి పెద్దాయన షేక్‌హ్యాండ్ అడుగుతున్నాడని అర్థమైంది. తువ్వాలు ఎందుకో అర్థం కాకపోయినా, ఇదేదో పల్లెటూరి మర్యాద అనుకున్నట్టున్నాడు. తువ్వాలు కిందకు చెయ్యి పోనిచ్చి, బావగారి చెయ్యంతా గట్టిగా పట్టుకుని ఊపుతూ, "థాంక్యూ సార్. కంగ్రాట్స్ సార్" అన్నాడు.

బావగారు నిటారుగా లేచి నిలబడ్డారు.

"అయిదు. ఖాయం చేశాడు. అందరూ చూశారుగా?"

"ఏం అయిదండీ?" అన్నాడు ఆ అబ్బాయి.

"అయిదు లక్షలు. చెయ్యంతా ఇచ్చావు."

"నేను షేక్‌హ్యాండ్ ఇచ్చానండి."

"తువ్వాలు కింద షేక్‌హ్యాండ్ ఎవడిస్తాడయ్యా? మాటంటే మాటే. బిల్లు రాయి."

గొడవకు అద్దాల గదిలోంచి మేనేజరు బయటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, బొద్దుగా, మొహాన అలసట. బల్ల మీది తువ్వాలు చూడగానే ఆ అలసట ఎటు పోయిందో పోయింది.

"తువ్వాలు ఎవరు పరిచారండీ?" అన్నాడు.

అతనిది జి. కొండూరట. వాళ్ళ నాన్న ఒకప్పుడు కాయల కమీషన్ వ్యాపారం చేసేవాడట. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న వెంట మార్కెట్టుకు వెళ్ళి, తువ్వాలు కింద ఏం జరుగుతోందో చూద్దామని వంగితే నెత్తి మీద మొట్టికాయలు పడేవట. ఇదంతా చెబుతూనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మా బావగారికి అప్పుడొచ్చింది ఊపిరి. సాటి మనిషి దొరికాడు.

"కుర్రాడికి తెలీదు బాబాయిగారూ. ఆ అయిదు చెల్లదు" అన్నాడు మేనేజరు.

"తెలియనివాణ్ణి బేరానికి కూచోబెట్టడం ఎవరి తప్పు?"

"నాదే అనుకోండి. ఆరు లక్షల కింద మాట్లాడొద్దు. ఆరు పైన ఎంతో తువ్వాలు కింద తేల్చుకుందాం. వేలికి పదివేలు."

బావగారు కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నారు. ఇద్దరి చేతులూ తువ్వాలు కిందకు వెళ్ళాయి. మేం కుర్చీల్లో కూచున్నాం. పైన ఇద్దరూ ఈ ఏడాది రసాలకు తేనెమంచు పురుగు పట్టిందనీ, కలెక్టరు రకం కాయకు జ్యూసు ఫ్యాక్టరీలు రేటివ్వలేదనీ మాట్లాడుకుంటున్నారు. కింద తువ్వాలు మాత్రం పిల్లిపిల్లల్ని కప్పినట్టు కదులుతోంది. నా పి.ఎఫ్., నా చీటీ, నా ఉద్యోగం, అన్నీ ఆ గుడ్డ కింద ఉన్నాయి. నాకేం కనపడటం లేదు.

"ఏవండీ, ఎంతదాకా వచ్చింది?" అన్నాను మా ఆయన చెవిలో.

మా ఆయనా అదే వ్యాపారంలో జుట్టు నెరిసినవారే. తోటలు పట్టడం మానేసి రెండు సీజన్లయింది గానీ, మోచేతులు చూసి లెక్క చెప్పగలరు. "అన్నయ్య ఒక వేలు పట్టాడు. మేనేజరు నాలుగు అంటున్నాడు" అన్నారు. కాసేపాగి, "మూడుకు దిగాడు. అన్నయ్య ఒకటి మీదే ఉన్నాడు" అన్నారు. ఇంకా కాసేపాగి, "ఆగిపోయింది" అన్నారు.

మూడు వేళ్ళంటే ఆరు లక్షల ముప్పైవేలు. నా దగ్గరున్నది ఆరు పాతిక. పైన బండి నా పేరు మీదకు మార్చే ఖర్చు వేరే. అంతలో బావగారు తువ్వాలు లాగేసి, దులిపి, భుజాన వేసుకున్నారు.

"లెగండి. పోదాం."

ఇది వాళ్ళ ఆయుధాల్లో ఆఖరిది. కొనేవాడు లేచి వెళ్ళిపోతాడు, గుమ్మం దాటేలోపు అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. మార్కెట్లో కొట్లకు తలుపులుండవు కాబట్టి పిలుపు వినపడుతుంది. ఇక్కడ గాజు తలుపు దానంతటదే తెరుచుకుని, మేం దాటగానే దానంతటదే మూసుకుపోయింది. ఎవరూ పిలవలేదు.

ఎదురుగా చెరుకురసం బండి ఉంటే దాని నీడలో నిలబడ్డాం. ఎండ మాడుతోంది. బావగారు రసం గ్లాసు పట్టుకుని షోరూము వైపు వీపు పెట్టి నిలబడ్డారు. "ఇప్పుడొస్తాడు చూడండి" అన్నారు. నేను అద్దంలోంచి చూశాను. మేనేజరు కూడా మాకు వీపు పెట్టి కూచుని టీ తాగుతున్నాడు.

"అటు తిరిగి కూచున్నాడు బావగారూ" అన్నాను.

"అంటే ఇటే చూస్తున్నట్టు" అన్నారాయన తృప్తిగా.

అలా ఒకే మార్కెట్లో బేరం నేర్చుకున్న ఇద్దరు, రోడ్డుకు అటొకరు ఇటొకరు, ఒకరికొకరు వీపులు పెట్టుకుని, ఎవరు ముందు తిరుగుతారా అని పంతం పట్టారు. రెండో గ్లాసు రసం కూడా అయిపోయింది. నాకు తాగబుద్ధి కాలేదు.

ఇంతలో షోరూము ముందు పెద్ద కారొకటి ఆగింది. భార్యాభర్తలు దిగి లోపలికి వెళ్ళారు. మా టై అబ్బాయి వాళ్ళను నేరుగా నీలం కారు దగ్గరికి తీసుకెళ్ళి తలుపు తీశాడు. ఆవిడ నేను కూచున్న సీట్లో కూచుని, స్టీరింగు మీద చెయ్యి వేసి, భర్త వంక చూసి హాయిగా నవ్వింది. నచ్చినట్టు కనపడకూడదని ఆవిడకెవరూ చెప్పలేదు.

"బావగారూ, వాళ్ళు కొనేస్తారు" అన్నాను.

"కంగారు పడకూడదమ్మాయ్. కంగారు పడ్డవాడే ఎక్కువిస్తాడు."

అప్పుడు మా ఆయన అన్నారు, చాలా మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా. "పోనీలే. రాసిపెట్టి లేదనుకో. హాయిగా ఇంట్లో ఉండొచ్చు."

ఆ గొంతులో విచారం లేదు. బరువు దిగినట్టుంది. ఈయన పొద్దుట్నించీ ఈ బేరం చెడిపోవాలనే చూస్తున్నారని నాకు ఆ క్షణంలో అర్థమై ఒళ్ళు మండిపోయింది. ఇంతసేపూ నా ఉద్యోగం గురించి ఇద్దరు మగవాళ్ళు గుడ్డ కింద మాట్లాడుకుంటుంటే, నేను చద్దన్నం మొహం పెట్టుకుని కుర్చీలో కూచున్నాను. ఆ కోపంలో మోకాలి నొప్పి కూడా గుర్తు రాలేదు. బావగారి భుజం మీది తువ్వాలు లాక్కుని రోడ్డు దాటాను.

"అమ్మాయ్, ఆగు" అని బావగారు వెనకాల వస్తున్నారు. నేను ఆగలేదు.

లోపలికి వెళ్ళి మేనేజరు బల్ల మీద తువ్వాలు పరిచి, దాని కింద చెయ్యి పెట్టి కూచున్నాను.

"చెయ్యి పెట్టండి" అన్నాను.

మేనేజరు టీ గ్లాసు కింద పెట్టాడు. లేచాడు, కూచున్నాడు. తన చెయ్యి బల్ల మీద పెట్టబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

"మేడమ్‌గారూ, మీరు... నోటితో చెప్పండి. పర్లేదు."

"ఎందుకు? ఇందాక నోటితో చెప్పుకోలేదుగా."

"అది మగవాళ్ళ... మార్కెట్లో ఆడవాళ్ళతో ఎప్పుడూ తువ్వాలు వెయ్యలేదండి."

"మార్కెట్లో కాయలు ఏరేది ఆడవాళ్ళు. గడ్డి పరిచేది ఆడవాళ్ళు. బుట్టలు మోసేది వాళ్ళే. బేరం దగ్గరికొచ్చేసరికి మాకు వేళ్ళు లేకుండా పోయాయా?"

నీలం కారు దగ్గరున్న భార్యాభర్తలు కూడా వచ్చి నిలబడి చూస్తున్నారు. ఆవిడ భర్తను మోచేత్తో పొడిచింది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. ఊరికే చెయ్యి పట్టుకోవడానికి ఈ రోజుల్లో ఎవరూ మొహమాటపడరు. ఆ టై అబ్బాయి అయితే నవ్వుతూ ఇచ్చేవాడు. కానీ తువ్వాలు కింద ఒక టీచరమ్మ వేళ్ళు తడమడమంటే జి. కొండూరు మనిషి వల్ల కాదు. నాకది తెలుసు. తెలిసే కూచున్నాను.

బావగారు గుమ్మంలో నిలబడిపోయారు. మరదలు తువ్వాలు కింద చెయ్యి పెట్టడం చూసి ఆయనకు ముందు తల కొట్టేసినట్టయింది. తర్వాత ఎదుటివాడు చెయ్యి ఇవ్వలేకపోతున్నాడని గమనించారు. అంతే, సిగ్గు పోయి వ్యాపారి మేలుకున్నాడు.

"తువ్వాలు పరిచాక చెయ్యి పెట్టాలి" అన్నారు గంభీరంగా. "పెట్టకపోతే, కొనేవాడు ఆఖరున పట్టిన వేలే ఖాయం. నేను పట్టింది ఒకటి."

ఈ నియమం మార్కెట్లో నిజంగా ఉందో, ఆయన అప్పటికప్పుడు పుట్టించారో నాకు ఇప్పటికీ తెలియదు. మేనేజరుకూ తెలిసినట్టు లేదు. చిన్నప్పుడు మొట్టికాయలు తినబట్టి అతను నియమాలన్నీ చూసి ఉండడు.

అతను ఆఖరి ఆశగా మా ఆయన వైపు తిరిగాడు. "సార్, మీరైనా చెప్పండి మేడమ్‌గారికి."

మా ఆయన ఒక్కమాట అంటే చాలు, అంతా అయిపోయేది. ఆడదానివి నలుగురిలో ఏంటిది, పద ఇంటికి, అంటే నేను లేచి వచ్చేసేదాన్నేమో. ఆయన తువ్వాలు వైపు చూశారు. దాని కింద నా చెయ్యి వణుకుతోంది, గుడ్డ కదలడం అందరికీ కనపడుతోంది. మోచేతులు చూసి లెక్క చెప్పే మనిషికి అది కనపడకుండా ఉండదు.

"ఆవిడ కారండీ అది" అన్నారు. "ఆవిడతోనే మాట్లాడుకోండి."

మేనేజరు గట్టిగా నిట్టూర్చాడు. కాలిక్యులేటరు తీసి కొట్టాడు, ఎవరికో ఫోన్ చేసి పక్కకు తిరిగి గొణిగాడు, నెలాఖరు కదండీ అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. "ఆరు పది. పేరు మార్పించే ఖర్చు మీదే. ముందా చెయ్యి బయటికి తియ్యండి మేడమ్‌గారూ, మీకు దణ్ణం పెడతా" అన్నాడు.

తీశాను. అరచెయ్యంతా చెమట.

కాగితాలన్నీ అయ్యి కారు ఇచ్చేరోజున మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. షోరూము వాళ్ళు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టబోతే బావగారు ఆపి, మేం ప్రార్థన చేసుకుంటామన్నారు. పాపం, మేనేజరు కూడా చేతులు కట్టుకుని తలొంచుకున్నాడు. టై అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. బావగారు ఈ వాహనాన్ని దీవించమన్నారు. నడిపే బిడ్డకు మంచి చూపునిమ్మన్నారు. మెకానిక్కుల చేతికి చిక్కకుండా కాపాడమన్నారు. అలా చాలాదూరం వెళ్ళాక గొంతు తగ్గించారు.

"ప్రభువా, ఈ షోరూము యజమానులను కూడా దీవించు. వారు ప్రేమతో ఉచితంగా ఇవ్వబోతున్న సీటు కవర్ల కొరకు, కింద వేసే మ్యాట్ల కొరకు నీకు స్తోత్రాలు."

"ఆమెన్" అన్నాడు టై అబ్బాయి, అందరికన్నా గట్టిగా.

మేనేజరు కళ్ళు తెరిచి అతని వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆమెన్ అన్నాక ఇంకేముంది, సీటు కవర్లు తెచ్చి వేశారు.

తిరుగు దారిలో నేను నడుపుతుంటే మా ఆయన పక్కన కూచున్నారు. బావగారు వెనక కవర్ల మీద చెయ్యి రాసి చూసుకుంటూ నిద్రపోయారు. మైలవరం దాకా మా ఆయన పైనున్న పిడి రెండు చేతులతో పట్టుకుని, నేను బ్రేకు వేసినప్పుడల్లా తనూ కాళ్ళు బిగిస్తున్నారు. నాకింకా ఆయన మీద కోపం తీరలేదు.

"ఆ రోజు బేరం చెడాలని కోరుకున్నారు కదూ?" అన్నాను.

కాదంటారనుకున్నాను. "అవును" అన్నారు.

"ఎందుకండీ? నా ఉద్యోగం మీకేం అడ్డం?"

ఆయన ఎదురుగా రోడ్డు మీదే చూపు పెట్టి చెప్పారు. "తోటలు పట్టడం మానేశాక నాకేం పనుంది? పొద్దున నువ్వు బస్సుకెళ్తే మళ్ళీ సాయంత్రమేగా. ఆ ఇంట్లో ఫ్రిజ్జొక్కటే చప్పుడు చేస్తా ఉంటది. ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నా. నువ్వు మానేస్తే బాగుంటదనుకున్నా, అంతే."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో అలాంటి మాట అనడం అదే మొదలు. కోపమంతా ఎటు పోయిందో, ఏడుపొచ్చింది. ఎదురుగా కాయల లోడుతో లారీ వస్తోంది కాబట్టి ఆపుకున్నాను. నన్ను ఇంట్లో కట్టిపడేద్దామని చూస్తున్నారనుకున్నాను గానీ, ఇంట్లో చిక్కుపడిపోయింది ఆయనేనని నాకు తట్టనే లేదు. లారీ దాటాక ఏదైనా చెబుదామనుకున్నాను. చివరికి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. "ముందు రెండు చేతులూ దాని మీద పెట్టు" అన్నారు కంగారుగా.

బడి తెరిచిన రోజు పొద్దున నేను క్యారేజీ కట్టుకుని బయటికి వచ్చేసరికి, ఆయన తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కార్లో కూచుని ఉన్నారు.

"ఎక్కడికి?" అన్నాను.

"కొత్త కారు. మీ బడి దగ్గర ఎవడైనా గీత గీస్తే? కాపలా ఉంటా."

ఆయన ఎన్నో ఏళ్ళు తోటలకు కాపలా ఉన్న మనిషి, కాదనడానికి లేదు. ఆ రోజు నుంచి రోజూ వస్తున్నారు. బడి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూచుంటారు. చుట్టుపక్కల రైతులు వచ్చి, తోట ఎంతకివ్వచ్చో ఆయన్ని అడిగి వెళుతుంటారు. కారు వైపు ఆయన చూడగా నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే కారు తలుపులు నాలుగూ తీసి పెడతారు, ఇద్దరం అందులోనే కూచుని అన్నం తింటాం. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఆయనకూ అంతే.